గూడూరు చేరని సంచిక

మా తడలో ఆ రోజుల్లో తెలుగు వారపత్రిక తెప్పించుకునే ఇల్లు మాదొక్కటే. గొప్పలు చెప్పుకుంటున్నాననుకునేరు. గొప్పే, చెప్పుకోక ఏం చేయను? ఊళ్లో సగం మంది అరవం మాట్లాడేవాళ్లు, మిగతా సగం మందికి పొద్దస్తమానం చేపలు, ఉప్పు, పొలం పనులు. మా నాయన స్టేషన్లో గూడ్సు గుమాస్తా. మద్రాసు నుంచి గూడూరుకూ నెల్లూరుకూ పోయే పత్రికల కట్టలతోపాటు మా పత్రిక ఒక్కటి ప్యాసింజరు బండిలో వచ్చి తడలో దిగేది. దిగిన పత్రిక ముందు ఎవరి చేతికి రావాలన్న దాని మీద ప్రతి వారం నాకూ అమ్మకూ యుద్ధమే. అరవైలు మొదలైన కాలం. నాకు పదమూడో పద్నాలుగో ఏళ్లు.

అమ్మకు కావలసింది సీరియల్ నవల. నాకు కావలసింది వారానికొక పేజీ చొప్పున వచ్చే బొమ్మల కథ. చదవడం అయ్యాక అసలు పని మొదలయ్యేది. మా తరం వాళ్లకు చెప్పనక్కర్లేదు, ఇప్పటి వాళ్లకు చెప్తే నమ్మరు. పత్రికను పత్రికగా దాచుకోవడం మాకు తెలీదు. ఎవరికి కావలసిన పేజీలు వాళ్లు జాగ్రత్తగా చింపుకుని, వారం వారం ఒకదాని మీద ఒకటి పేర్చుకుని, కథ అయిపోయాక బైండు చేయించుకునేవాళ్లం. అదీ పుస్తకం. మిగిలిన పత్రిక అలమరాలో పరచడానికీ, పోపుగింజల పొట్లాలకూ పోయేది.

బైండింగుకు గూడూరే పోవాలి. స్టేషన్ నుంచి నిమ్మకాయల మార్కెట్టుకు పోయే దారిలో ఒక సాయిబు గారి అంగడి ఉండేది. ముందు వైపు పాత పుస్తకాలు, వెనక బైండింగు బల్ల, ఆ వెనక చింకి పరదా, పరదా అవతల ఆయన ఇల్లు. బొమ్మల కథల పుస్తకాలు పురికొస మీద బట్టలు ఆరేసినట్టు వేలాడుతుండేవి. బల్ల మీద కూర్చుని చదివితే ఒక రేటు, ఇంటికి తీసుకుపోతే ఒక రేటు, మార్చుకుంటే రెండు పాతవాటికి ఒకటి. అణాలు పోయి నయాపైసలు వచ్చినా ఆయన అణాల్లోనే మాట్లాడేవాడు. బిస్కెట్ డబ్బాల్లో స్టాంపులు, చెల్లని నాణేలు, అగ్గిపెట్టె బొమ్మలు ఉండేవి. మైకా కంపెనీ గుమాస్తాల పిల్లలు వాటి చుట్టూ ఈగల్లా ముసిరేవాళ్లు.

అగ్గిపెట్టె బొమ్మల్లో నన్ను మించినవాళ్లు లేరు. ఎందుకంటే మాది సరిహద్దు ఊరు. అరవ దేశం నుంచి వచ్చే ప్రయాణికులు బీడీ ముట్టించుకుని ఖాళీ పెట్టె మా ప్లాటుఫారం మీద పారేసేవాళ్లు. కోడిపుంజు, గొడుగు, దీపస్తంభం... గూడూరులో కనపడని బొమ్మలన్నీ నా దగ్గరే. వాటిని నీళ్లలో నానబెట్టి ఊడదీసి, ఆరబెట్టి, పాత లెక్కల పుస్తకంలో పెట్టుకుని రైలెక్కేదాన్ని. రైల్వే వాళ్లం కదా, పాసు ఉండేది. అమ్మ కిటికీ పక్కన కూర్చుని బొగ్గు నలుసులు కళ్లల్లో పడుతున్నా చదువుకునేది. నేను ఎండు చేపల గంపల మధ్య ఇరుక్కుని, ఏ బొమ్మకు ఏ పుస్తకం అడగాలా అని లెక్కలు వేసుకునేదాన్ని.

"వచ్చినావా పాపా? ఈసారి ఏం బొమ్మలు తెచ్చినావు?" అనేవాడు సాయిబు గారు, జిగురు చేతులు లుంగీకి తుడుచుకుంటూ.

"ముందు మీరేం ఇస్తారో చెప్పండి."

"చూసినావా అమ్మా, నీ కూతురు కోమట్లకి పాఠం చెప్తాది!" అని అమ్మతో అనేవాడు. అమ్మ వినిపించుకుంటేగా. అప్పటికే పరదా ఎత్తి లోపల ఆయన భార్యతో నవలల కబుర్లలో పడిపోయేది. ఆమె కూడా చదివే మనిషి. ఒకరి సీరియల్ ఒకరికి చెప్పుకుని, మీ కథానాయికకు బుద్ధి లేదంటే మీ కథానాయికకు సిగ్గు లేదని వాదించుకునేవాళ్లు.

ఇట్లా సాగుతుండగా ఒక కార్తీక మాసంలో వానలు దంచి కొట్టాయి. నాయుడుపేట అవతల రైలుకట్ట కోసుకుపోయింది. మద్రాసు నుంచి వచ్చే బళ్లు సూళ్లూరుపేట దాకా వచ్చి ఆగిపోయాయి. మా పత్రిక ఎప్పటిలాగే బుద్ధిగా తడలో దిగింది. గూడూరు కట్టలు, నెల్లూరు కట్టలు తడిసి ముద్దయి మద్రాసుకు వెనక్కి పోయాయి. కట్ట బాగుచేసి బళ్లు నడిపేసరికి తర్వాతి సంచిక వచ్చేసింది. మధ్య వారం సంచిక గూడూరుకు రానేలేదు. సాయిబు గారు తెలిసినవాళ్ల చేత మద్రాసు పాత పుస్తకాల అంగళ్లలో వెతికించాడు. దొరకలేదు.

నా అదృష్టం ఏమని చెప్పను! బొమ్మల కథలో ముందు వారం పడవవాడు సముద్రపు గుహలో ఇరుక్కుంటాడు. ఆటు పోటుగా మారి నీళ్లు మెడదాకా వస్తాయి. తర్వాత గూడూరు వాళ్లు చూసిన పేజీలో వాడు ఒడ్డున పొడి బట్టలతో నిలబడి ఉన్నాడు. భుజం మీద చిలక. వాడెట్లా బయటపడ్డాడన్నది అటుంచి, ముందా చిలక ఎక్కడి నుంచి వచ్చింది? గూడూరు పిల్లలంతా ఇదే గొడవ. బొమ్మలేసినాయన పొరపాటున వేశాడని ఒకడు, అది చిలక కాదు మంత్రగత్తె అని ఇంకొకడు. సాయిబు గారయితే మరీ, "గుహలో గూడు పెట్టుంటాది" అని తేల్చేశాడు. సముద్రం నీళ్లలో చిలక గూడట!

తెలిసింది నాకొక్కదానికే. అడగ్గానే చెప్తానా? "చిలక పైనించి వచ్చింది" అన్న ఒక్క ముక్కకు మంచి స్టాంపు ఒకటి పుచ్చుకున్నాను. "పైన అంటే యాడ?" అంటే మళ్లీ ఒక పుస్తకం. అట్లా ఊరించి ఊరించి చెప్పాను. తీరా చెప్పాక ఎవడూ నమ్మడే!

"కాయితం చూపించు, అప్పుడు నమ్ముతాం" అన్నారు.

"అవును పాపా, కాయితం తీసుకురా. నేనూ కంటితో చూడాల. నీ బొమ్మల కథంతా వెన్నుకి తోలు వేసి బైండు చేసిస్తాను. గూడూరులో, నెల్లూరులో ఎవురికీ లేని పుస్తకం నీకుంటాది" అన్నాడు సాయిబు గారు.

నా మనసు ఆ మాట దగ్గరే ఆగిపోయింది. అప్పటిదాకా నాకంటూ పూర్తిగా ఉన్న పుస్తకం ఒక్కటీ లేదు. అన్నీ సగం సగాలు, అట్టలు లేనివి, మార్చుకున్నవి. ఇదొక్కటీ మొదటి నుంచి చివరి దాకా నాది అవుతుంది. కావలసింది ఆ ఒక్క కాగితం. అదేమో నా దగ్గర లేదు, అమ్మ దగ్గర ఉంది.

సంగతేమంటే, అమ్మ చదివే నవల ఆ వారంతోనే ముగిసింది. ఆఖరికి మిగిలింది ఒక్క పేజీయే. ఆ పేజీని అచ్చువేసినవాళ్లు సరిగ్గా నా బొమ్మల కథ వెనకే వేశారు. ఒకే కాగితం, ఒక పక్క నా చిలక, రెండో పక్క అమ్మ నవల ముగింపు. పత్రిక రాగానే అమ్మ ఆ కాగితం చింపి తన దొంతరలో పెట్టి, దబ్బనంతో తనే కుట్టేసుకుంది. నా బొమ్మ చూసుకోవాలంటే ఆమె పెట్టె తాళం తీసేదాకా కాచుకోవాలి. అంత ఓపిక నాకెక్కడిది! పెట్టె తెరిచి కనపడినప్పుడల్లా అటు పక్క బొమ్మలు చూసి, ఊరుకోలేక ఇటు పక్క నవల కూడా చదివేసేదాన్ని.

ఇంకో తమాషా ఏమంటే, గూడూరు ఆడవాళ్లకు కూడా ఆ ముగింపు తెలీదు. ఆ నవలలో కథానాయిక అత్త పెట్టే బాధలు పడలేక, మొగుడు చెయ్యి చేసుకున్న రోజున కట్టుబట్టలతో బయటికి వస్తుంది. కుట్టుమిషను మీద బతుకుతుంటుంది. చివరికి మొగుడు వచ్చి ఆమె వాకిట్లో నిలబడతాడు. అంతే, అక్కడికి గూడూరు వాళ్ల కథ ఆగిపోయింది. సాయిబు గారి భార్య ప్రాణం విలవిల్లాడిపోయేది.

"చెప్పు వదినా, పోయిందా లేదా?" అని అమ్మ చెయ్యి పట్టుకునేది.

"చెప్తాలే వదినా, అంత తొందరేంది?" అని అమ్మ మాట దాటేసేది. నాలాగే అమ్మకూ ఊరించడం సరదా కాబోలు అనుకున్నాను. ఆ తల్లికి ఈ కూతురే కదా అని లోలోపల మురిసిపోయాను కూడా.

కాగితం ఇమ్మని ఇంట్లో అడిగాను. ఇవ్వనంది. బతిమాలాను. అరిచాను. నాయన మధ్యలో వచ్చి, "ఇచ్చేయరాదా, కథ చదివేసినావు గదా" అంటే, ఆయనకూ పడ్డాయి చీవాట్లు. చివరికి అన్నం మానేసి గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఆకలికి కళ్లు తిరిగినా సరే, పంతం పంతమే. అమ్మ పలకరించలేదు. కంచంలో చారన్నం పెట్టి పక్కన పెట్టిపోయింది. ఆమె అటు తిరగ్గానే తినేశాననుకోండి. అది వేరే సంగతి.

తర్వాతి సారి గూడూరు పోయినప్పుడు మా పోరు విని సాయిబు గారు గడ్డం గోక్కున్నాడు. "కాయితాన్ని రెండుగా చీల్చొచ్చు" అన్నాడు.

"అడ్డంగా చింపితే ఇద్దరికీ సగం సగం, ఏం లాభం?" అన్నాను కోపంగా.

"అట్ల కాదు పాపా. మందాన్ని చీల్చాల. మద్రాసులో ఒక బైండరు చేస్తుంటే చూసినాను. రెండు పక్కలా జిగురేసి గుడ్డ అతికిస్తారు. ఎండినాక రెండు గుడ్డల్నీ అటొకరు ఇటొకరు పట్టి లాగితే కాయితం నడిమికి విడిపోతాది. ఈ అచ్చు ఈ గుడ్డకి, ఆ అచ్చు ఆ గుడ్డకి."

నేనూ అమ్మా నోరు తెరిచాం. ఒక కాగితం రెండు కాగితాలవడమా? "మీరెప్పుడన్నా చేసినారా?" అని అడిగింది అమ్మ.

"ల్యా. చూసినానంతే" అన్నాడు ఆయన నిజాయితీగా.

అమ్మ ఒప్పుకోదనే అనుకున్నాను. పరదా వైపు చూసింది. "సరే అన్నా, చేద్దాం" అంది. నేను ఎగిరి గంతేశాను. నా అలక పనిచేసిందని ఎంత సంబరపడ్డానో!

సాయిబు గారు ముందు చిత్తు కాగితాల మీద చేసి చూశాడు. మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి, పాత పంచె ముక్కలు అటూ ఇటూ అతికించి ఎండలో పెట్టాడు. మొదటిది పీలికలయింది. జిగురు పలచన చేసి మళ్లీ పెట్టాడు. ఈసారి కాగితం చర్రుమంటూ విడిపోయి, ఒక గుడ్డ మీద సబ్బు బొమ్మ, రెండో గుడ్డ మీద తలనొప్పి మందు బొమ్మ వచ్చాయి. అంగట్లో ఉన్న పిల్లలు ఈలలు వేశారు. నేను ఆ రెండు గుడ్డల్నీ తిప్పి తిప్పి చూశాను, మధ్యలో ఏముందా అని. ఏమీ లేదు, నూగు నూగుగా తెల్లటి పొట్టు.

వేసవిలో ఒక రోజు అమ్మ తన పుస్తకం కుట్లు విప్పి, కాగితాన్ని రుమాల్లో చుట్టి తెచ్చింది. అంగట్లో జనం మూగారు. సాయిబు గారు జిగురు పూసి, గుడ్డలు అతికించి, ఎండలో పెట్టి వచ్చాడు. ఎండిందాకా నాకు కాళ్లు ఒక చోట నిలవలేదు. పోతే అంతా పోతుంది. ఇంకో కాపీ లేదు. సాయిబు గారికీ భయంగానే ఉన్నట్టుంది, ఊరికే చేతులు కడుక్కుంటున్నాడు.

ఎండిన గుడ్డను బల్ల మీద పెట్టి ఆయన అమ్మ వైపు తిరిగాడు. "ఒక మాటమ్మా. సరిగ్గా నడిమికే చీల్తాదని చెప్పలేను. ఒక పక్క మందంగా వస్తే రెండో పక్క పలచనై చిల్లులు పడిపోతాది. ఏ పక్క కాపాడాలో చెప్పు. లాగేటప్పుడు ఆ పక్క కాస్త చూసుకుంటాను."

ఇంకేముంది, అమ్మ నవల పక్కే అంటుంది. కాగితం ఆమెది, ఇన్నాళ్లూ ఇవ్వని మనిషి. కోపం, ఏడుపు, రెండూ ఒకేసారి వచ్చాయి.

"పాప బొమ్మల పక్క చూడన్నా. నాది పోతే పోనీ. నాకు నోటికి వచ్చు" అంది అమ్మ.

నేను అమ్మ కొంగు పట్టుకుని భోరుమన్నాను. అంతమందిలో సిగ్గయినా అనిపించలేదు. "ఛీ, ఊరుకో, ఏందా ఏడుపు" అని అమ్మ నా తల నెట్టేసింది.

సాయిబు గారు ఒక గుడ్డ అంచు తను పట్టుకుని, రెండోది అంగట్లో పనికి వచ్చిన బంధువు చేతికిచ్చాడు. బిస్మిల్లా అనుకుని మెల్లగా లాగాడు. సగం దాకా చక్కగా వచ్చింది. తర్వాత చప్పుడు మారింది. ఆయన ఆగి, చెయ్యి వాటం మార్చి, మళ్లీ లాగాడు. నా బొమ్మల పక్క నిండుగా, ఒక్క గీత చెడకుండా గుడ్డతో పాటు లేచి వచ్చింది. నవల పక్క జల్లెడయిపోయింది. అక్కడొక పదం, ఇక్కడొక పదం తప్ప ఏమీ మిగల్లేదు.

నీళ్లలో నానబెట్టి గుడ్డ ఊడదీసి, గట్టి కాగితానికి అతికించాక పిల్లలంతా నా పేజీ మీద పడ్డారు. చూడండ్రా, చూసుకోండి! మెడదాకా నీళ్లలో ఉన్న పడవవాడి తలపై చిలక రివ్వున తిరుగుతుంది. ఇది లోపలికి ఎట్లా వచ్చిందని వాడు తలెత్తి చూస్తాడు. గుహ కప్పులో సందు కనిపిస్తుంది. చిలక వచ్చిన దారినే వాడు పైకి ఎక్కిపోతాడు. "నేను చెప్పలా?" అని ఒక్కొక్కడి మొహం మీదికీ పోయి అడిగాను. సాయిబు గారు కళ్లద్దాలు పైకి తోసుకుని, "గూడు కాదన్న మాట" అని ఒప్పుకున్నాడు.

అంతలో పరదా వెనక నుంచి అమ్మ పిలిచింది. "కాయితం, కలం తీసుకుని రా. నేను చెప్తాను, నువ్వు రాయి. వదినకు ముగింపు కావాలంట."

లోపల చాప మీద అమ్మ, పక్కనే సాయిబు గారి భార్య. ఆమె చేస్తున్న పని ఆపి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అమ్మ కళ్లు మూసుకుని, అచ్చు పుస్తకంలో ఉన్నట్టే చెప్పడం మొదలుపెట్టింది. మొగుడు వాకిట్లో నిలబడ్డాడు. తప్పయిందన్నాడు. మా అమ్మ నీకోసం కలవరిస్తోందన్నాడు. ఒక్క మాట తేడా లేదు. నాకూ తెలుసు కదా, నేనూ చదివిందే. అమ్మ జ్ఞాపకానికి ముచ్చటపడుతూ రాసుకుపోతున్నాను.

"ఆమె చెంబుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. అతను తాగాడు. ఆమె చెంబు అందుకుని లోపలికి వెళ్లి, తలుపు దగ్గరగా వేసి, మళ్లీ మిషను ముందు కూర్చుంది."

నా కలం ఆగిపోయింది. "అమ్మా, అట్ల లేదు గదా. ఆమె ఆయనతో బండెక్కి పోతాది. అత్త కాళ్లకి మొక్కుతాది. అందరూ నవ్వుతారు."

అమ్మ కళ్లు తెరిచింది. "రాసినాయనకేం తెలుసు? తిరిగి పోయినాక ఆ ఇంట్లో ఏం జరుగుతాదో ఆయనేమన్నా చూసినాడా? నువ్వు రాయి."

అమ్మ నన్ను కసిరే గొంతు నాకు బాగా తెలుసు. ఇది అది కాదు. నేను పుట్టకముందు అమ్మ అత్తగారింటి నుంచి, అంటే మా నాయనమ్మ ఇంటి నుంచి, పుట్టింటికి వచ్చేసి చాన్నాళ్లు ఉండిపోయిందనీ, పెద్దవాళ్లు సర్ది చెప్పి బండెక్కించి పంపారనీ ఇంట్లో ఎవరో అనుకుంటుంటే ఒకసారి నా చెవిన పడింది. నాయనకు తడలో ఉద్యోగమై వేరే కాపురం పెట్టేదాకా అమ్మ ఆ ఇంట్లోనే ఉంది. అక్కడ ఏం జరిగిందో నేనెప్పుడూ అడగలేదు, ఆమె ఎప్పుడూ చెప్పలేదు. ఆ కాగితాన్ని ఇన్నాళ్లూ గూడూరుకు ఎందుకు రానివ్వలేదో అప్పుడు తెలిసింది. అమ్మ మొహం వైపు చూడలేకపోయాను.

సాయిబు గారి భార్య నా వీపు మీద చెయ్యి వేసింది. "రాయి బిడ్డా. ఇదే బాగుండాది." తర్వాత అమ్మ వైపు తిరిగి, "మిషను ముందు కూచునింది. ఆ తరవాత?" అని అడిగింది.

"అంతే వదినా. అయిపోయింది" అంది అమ్మ.

రాశాను. సాయిబు గారు దాన్ని అమ్మ పుస్తకం చివర పెట్టి కుట్టాడు. ఆయన భార్యకు ఒకటి కావాలంటే ఇంకొకటి రాసిచ్చాను. ఆమె ఎవరికో చూపించింది, వాళ్లు ఇంకెవరికో చెప్పారు. ఆ ఏడాదంతా గూడూరు పోయినప్పుడల్లా పరదా వెనక కూర్చుని నాకు రాయడమే పని. గూడూరులో ఆ నవల బైండు చేయించుకున్న ఆడవాళ్ల దగ్గర ఆఖరి పేజీ అచ్చులో ఉండదు, నా చేతిరాతలో ఉంటుంది. అచ్చులో ఎట్లా ఉండిందని వాళ్లలో ఒక్కరు కూడా నన్ను అడగలేదు.